చుక్క పెట్టిన మాట

వార్డూ గార్డూ అన్నదమ్ములు. ఈ సంగతి నాకు చెప్పినాయన ఆ సమయానికి ఊపిరాడక అవస్థ పడుతున్నాడు. సూరత్‌లో కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులవి. చక్రాల కుర్చీలో తీసుకొస్తుంటే గుమ్మం దగ్గర సెక్యూరిటీ గార్డు ఆపి కాగితాలు అడిగాడు. ఈయన మాస్కు కాస్త పక్కకి జరిపి, వేలితో గార్డును చూపించాడు, తర్వాత తలుపు మీద 'కోవిడ్ వార్డు' అన్న బోర్డును చూపించాడు.

"డాక్టరమ్మా, ఈ రెండు మాటలు ఒక్క తల్లి బిడ్డలు. ఒకడు ఇంటికాడనే ఉన్నడు. ఇంకొకడు ఫ్రెంచోళ్ల దిక్కు పోయి, వేషం మార్చుకొని అచ్చిండు" అన్నాడు. వెంటనే దగ్గు తెర వచ్చింది.

నా ప్లాస్టిక్ సూటు మీద మార్కర్‌తో రాసుకున్న పేరు చూసి తెలుగుదాన్నని కనిపెట్టేశాడన్నమాట. నాకు ఒళ్లు మండింది. మాది రాజమండ్రి వైపు. మాటలకి కరువున్న ఊరేం కాదు. కానీ ఆ సూటులో చెమటతో ఉడికిపోతూ, ఖాళీ పడక కోసం పరుగెడుతున్న మనిషికి అన్నదమ్ముల కథలు చెబితే ఎలా ఉంటుంది? "ముందు మాస్కు పెట్టుకోండి. బతికుంటే చుట్టరికాలు తర్వాత కలుపుకుందాం" అన్నాను. ఆయన బుద్ధిగా మాస్కు పెట్టుకుని, కళ్లతో నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఇంకా మండింది.

ఆయన పేరు రాయను. వార్డులో ఎవరూ పేరుతో పిలవలేదు కూడా. గుజరాతీ సిస్టర్లకి ఆయన కాకా, పక్క పడక మీదున్న తెలంగాణ కార్మికుడికీ కాకాయే. రెండు భాషల్లోనూ బాబాయే కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. నేనూ కాకా అనే అన్నాను.

మొన్న సూరత్ శివారున భేస్తాన్‌లో టీకాల క్యాంపులో కూర్చున్నాను. వరుసలో వచ్చిన ఒకతను చెయ్యి చాపకుండా ముందు నా బల్ల మీద ఒక ప్యాకెట్టు పెట్టాడు. జాలీ వేఫర్. ఆలుగడ్డని అడ్డంగా, నిలువుగా గీరి, వల కళ్లలా చిల్లులు పడేట్టు కోసి వేయించినవి. ఇక్కడ ఉపవాసాలకి తింటారు. "ఏమిటిది?" అని తలెత్తి చూస్తే రాజేశం. మాస్కు పైన ఆ కళ్లని నేను మర్చిపోలేదు. కాకా పక్క పడక అతనిదే.

కాకా జీవిత చరిత్ర నాకు తెలీదు. తెలిసినంతవరకూ ఇక్కడి పాండేసరలో ఒక మిల్లు జర్మనీ నుంచి మిషన్లు తెప్పించుకున్న రోజుల్లో, వాటిని బిగించే పనికి వరంగల్లు నుంచి వచ్చి, వాటితో వచ్చిన పుస్తకాలు చదివి ఫిట్టర్లకి చెప్పేందుకు జర్మన్ నేర్చుకున్నాడు. తర్వాత ఇక్కడే ఉండిపోయాడు. "జర్మన్ మీద ప్రేమ గిట్ల ఏం లేకుండె బిడ్డా. బోల్టు ఏ దిక్కు తిప్పాల్నో తెల్వక నేర్చుకున్న" అనేవాడు. కానీ బోల్టు దగ్గర ఆగలేదు. ఏ మాటకి తల్లెవరు, అమ్మమ్మెవరు అని వెతుక్కుంటూ పోయి, మిల్లు వదిలేశాక కూడా వెతుకుతూనే ఉండిపోయాడు.

ఆయన దగ్గర ఏ మాటా ఊరికే పోయేది కాదు. సిస్టరు ఏదన్నా ఇంగ్లీషు మాట అంటే చాలు, చూపుడువేలు లేచేది. మూడు మాటలు చెప్పి, ఒక ఊపిరి తీసుకుని, మళ్లీ మూడు మాటలు చెప్పేవాడు. సిస్టరు "కాకా, బోల్‌వానూ బంధ్ కరో!" అని, మాట్లాడటం ఆపమని అరిచేది. ఆయన చేతులు జోడించి, ఆమె అటు తిరగ్గానే దుప్పటి మీద వేలితో గీతలు గీసేవాడు. ఒక గీత, దానికి కొమ్మలు, కొమ్మలకి రెమ్మలు. దుప్పటి మీద ఏమీ కనిపించేది కాదు. అయినా చెరిపి మళ్లీ గీసేవాడు. ఒకసారి నేనే నోరు జారి, బెడ్డు అన్న మాటకి తల్లెవరని అడిగాను. చుట్టూ ఓసారి చూసి, "అది ఇక్కడ వద్దు బిడ్డా. బయటికి పోయినంక చెప్త" అన్నాడు. తర్వాతెప్పుడో చూసుకున్నాను. దాని మూలం నేలని తవ్వడమేమోనని కొందరి ఊహట. అంత ఆయాసంలోనూ ఏ మాట ఎక్కడ చెప్పకూడదో చూసుకున్న మనిషి.

ఇక రాజేశం సంగతి. సిరిసిల్ల వైపు వాడు. భేస్తాన్‌లో నలుగురితో కలిసి గదిలో ఉంటూ సాంచాల మీద పనిచేసేవాడు. మరమగ్గాన్ని వాళ్లు సాంచా అంటారు. అతని గదిలోవాడొకడు వారం ముందే పోయాడు. ఆక్సిజన్ పెట్టాకే పోయాడు. అంతే, ఆక్సిజనే చంపిందని రాజేశం మనసులో గట్టిగా నాటుకుపోయింది. మేం పెట్టడం, అతను తీసేయడం. మేం తిట్టడం, అతను దండం పెట్టడం. "గా గొట్టం పెట్టినోళ్లు మల్ల ఇంటికి పోతలేరు మేడం. నాకు బిడ్డ ఉన్నది" అనేవాడు. మాస్కు తీసిన ప్రతిసారీ అతని రక్తంలో ప్రాణవాయువు పడిపోయేది, ప్రతిసారీ తేరుకోవడానికి ఇంకాస్త ఎక్కువసేపు పట్టేది. నాలుగు రోజులు ఇలాగే సాగితే పోతాడని నాకు తెలుసు. నేను చెబితే వినడు. చేతులు కట్టేద్దామన్నారు ఒకరు. నాకు మనసొప్పలేదు.

ఒక పొద్దున రౌండ్సుకి వెళ్లేసరికి రాజేశం ముఖాన మాస్కు ఉంది. గట్టిగా, పట్టీ బిగించి ఉంది. పక్క పడక మీద కాకా చూపుడువేలు గాలిలో ఉంది.

"మాస్కు తీస్తే చెప్ప. నీకు నోరుతోని పనేంది? చెవులు చాలు" అంటున్నాడు.

నేను రాజేశం నాడి చూస్తున్నట్టు నిలబడి విన్నాను. కాకా చూపుడువేలితో గాలిలో ఒక చుక్క పెట్టాడు. తర్వాత, "వెబనఁ" అన్నాడు.

"ఏంది కాకా?" రాజేశం మాస్కులోంచే గొణిగాడు.

"నేసుడు. ఎన్కట, రెండు వేల ఏండ్లకు ముందట, గా చలి దేశాల ఒక భాష ఉండె. ఇంగ్లీషుకు, జర్మన్‌కు, ఇంక శానా భాషలకు అది తల్లి. గా భాషల నేసుడును ఇట్ల అనేటోళ్లు. ఆఖరుకు ముక్కులనుంచి ఒక సప్పుడు అస్తది. మనం రాసుడు మానేసిన అరసున్న లేదా, అది."

"మీరెట్ల ఇన్నరు?"

"నేను ఇనలే. ఎవ్వలు ఇనలే. ఆళ్లు దీన్ని రాసి పెట్టలే. బిడ్డలున్నరు, మనుమలున్నరు, అందరి మొఖాలు చూసి తల్లి మొఖం గిట్ల ఉండాలె అని పెద్ద పెద్దోళ్లు కట్టిండ్రు. గందుకే ముందట చుక్క పెడ్తరు." మళ్లీ గాలిలో చుక్క పెట్టాడు. "చుక్క అంటే లేదని కాదు. ఎవ్వలు ఇనలేదని."

నేను చదివింది వైద్యం. కనిపించని సూక్ష్మక్రిమిని నమ్మడం నా వృత్తి. అయినా ఆ మాట విని నా చెయ్యి అతని మణికట్టు మీద అలాగే ఉండిపోయింది. రెండు వేల ఏళ్ల క్రితం మంచు దేశంలో ఎవరో మగ్గం ముందు కూర్చుని అన్న మాట. ఎక్కడా రాయలేదు, ఎవరూ వినలేదు. దాని రూపాన్ని పిల్లల ముఖాలు చూసి కట్టారు. ఇప్పుడు దాన్ని సూరత్‌లో ఒక ముసలాయన, సగం ఊపిరితో, సిరిసిల్ల నేతకార్మికుడికి అందిస్తున్నాడు. 

ఒప్పందం ఇదీ. రోజంతా మాస్కు ఉంచుకుంటే, ఆ తల్లికి పుట్టిన ఒక బిడ్డ గురించి కాకా చెబుతాడు. తీస్తే లేదు. నేను నాలుగు రకాల మందులతో చేయలేనిది ఆయన ఒక మాటతో చేశాడు. నాకు ఉక్రోషం రాలేదంటే అబద్ధం. కానీ రౌండ్సు ఆ పడకల దగ్గరే ఎక్కువసేపు సాగుతోందని సిస్టర్లు నవ్వుకోవడం మొదలుపెట్టారు.

ముందు పెద్దబిడ్డ, జర్మన్ వాళ్ల 'వేబెన్'. మిల్లుకొచ్చిన జర్మన్ ఫిట్టరు మగ్గం మీద అరచెయ్యి వేసి ఆ మాట అన్నప్పుడే కాకాకి ఈ పిచ్చి పట్టిందట. తర్వాత ఇంగ్లీషు వాళ్ల 'వీవ్'. ఆ తర్వాత 'వెబ్'.

"నీ బిడ్డ ఫోన్ల బడి చదువుతున్నదంటివి గదా. గా ఇంటర్నెట్టును వెబ్ అంటరు. వెబ్ అంటే ముందుగాల నేసిన బట్ట. తర్వాత సాలెగూడు. గిప్పుడు ఇది."

రాజేశం కప్పు వంక చూశాడు. "అంటే నా బిడ్డ బట్ట మీద కూసోని చదువుతున్నట్టే" అన్నాడు. సాయంత్రం ఊరికి ఫోన్ చేసి, మాస్కు తియ్యకుండానే కూతురికి అది చెప్పాడు. అవతల పిల్లకి ఏం వినపడిందో గాని, రెండుసార్లు చెప్పించుకుంది.

ఇంకో రోజు 'వీవిల్' వచ్చింది. బియ్యంలో పడే పురుగుని ఇంగ్లీషువాళ్లు అలా అంటారు. "గది గూడ నేస్తదా?" అని రాజేశం అనుమానపడ్డాడు. "నాడె తీరుగ ఇటు అటు ఉరుకుతది గదా. గా ఉరుకుడును చూసి పెట్టిండ్రు" అన్నాడు కాకా. నాడె అంటే మగ్గంలో పేకనూలు తీసుకుని అటూ ఇటూ పరుగెత్తేది. రాజేశం దుప్పటి మీద చేతిని ఇటు నుంచి అటు జరిపి చూసుకుని, తల ఊపాడు.

కాకాని నేను పూర్తిగా అర్థం చేసుకున్నది మాత్రం ఆ తర్వాత. రాజేశం ఆ రోజు చాలా నీరసంగా ఉన్నాడు. మాస్కు ఉంది కానీ, కళ్లు తేలిపోతున్నాయి. ఉన్నట్టుండి అడిగాడు.

"కాకా, మన సాలె గూడ గా తల్లి బిడ్డేనా? మేం గూడ గా ఇంటోళ్లమేనా?"

అతని కులం పేరది, వృత్తి పేరది. ఆ గొంతులో ఆశ చూస్తే ఎవరికైనా అవునని చెప్పాలనిపిస్తుంది. నేనైతే చెప్పేసేదాన్నే. రోగి సంతోషపడితే ఊపిరి నిదానిస్తుంది, అందులో పోయేదేముంది? నేను కాకాకి సైగ కూడా చేశాను. ఆయన నన్ను చూశాడు. చూసి, తల అడ్డంగా ఊపాడు.

"కాదు బిడ్డా. అది వేరే ఇల్లు. నేత అన్న మాట గూడ మనదే, ఆళ్లది కాదు. మాట మాటకు అర్థం కలిస్తే చుట్టాలైతరా? కారు."

రాజేశం ముఖం వాడిపోయింది. నాకు కాకా మీద కోపం వచ్చింది. చచ్చేవాడి దగ్గర ఈ పట్టింపేమిటి? కాకా ఊపిరి కూడదీసుకుంటున్నాడు. ఇంకా చెప్పాల్సింది ఉందని నాకు తెలీలేదు.

"గని ఒకటి ఇను. నీ తాతలు గోడ మీద పురుగును చూసిండ్రు. పోగు తీస్తున్నది, అల్లుతున్నది. మనోడే అనుకున్నరు. సాలెపురుగు అన్నరు. గా చలి దేశపోళ్లు అదే పురుగు ఇల్లు చూసి, అరే నేసిన బట్ట, అన్నరు. వెబ్ అన్నరు. నడుమల ఏడు సముద్రాలు. ఒకళ్లకొకళ్లు తెల్వదు. ఒకళ్లనొకళ్లు అడగలే. చుట్టాలైతే ఏముంది, చెప్పుకున్నరు అనుకుంటం. చుట్టాలు కాకుంట గూడ అదే మాట అన్నరు చూడు." ఆగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. దగ్గు వల్లో, మరి దేనివల్లో. "నాకు గదే పెద్ద ముచ్చట."

తర్వాత, మర్చిపోయినట్టు మళ్లీ వేలెత్తాడు. సంస్కృతంలో సాలెపురుగుకి ఊర్ణనాభి అన్న పేరుంది కదా, అంతకుముందు ఊర్ణవాభి అనేవాళ్లట. ఊలు నేసేది అని. ఆ 'వాభి' మాత్రం వెబనఁకి నిజంగానే దగ్గర చుట్టం, రెండింటికీ ఇంకా పాత తల్లి ఒకతుంది, ఆమెకీ చుక్కేనన్నాడు. తర్వాతివాళ్లు వాభిని నాభి అని విని, పురుగు బొడ్డులోంచి దారం తీస్తుందని సరిపెట్టుకున్నారట. "తప్పు ఇన్నరు. తప్పే నిలబడ్డది" అని నవ్వబోయి, నవ్వలేకపోయాడు.

రాజేశం గోడ వంక తిరిగాడు. అక్కడ పురుగేమీ లేదు, ఆస్పత్రి గోడ. అయినా చూస్తూనే ఉన్నాడు. ఆ రోజు మొదటిసారి అతని ఆక్సిజన్ అంకెలు మందుల వల్ల కాకుండా పైకి వచ్చినట్టనిపించింది. వైద్యురాలిగా అలా అనకూడదు. అనిపించింది.

కాకా మాత్రం కిందికి దిగుతున్నాడు. అది నాకు అన్ని రోజులూ కనిపిస్తూనే ఉంది. మాటలు తగ్గించమని బతిమాలాను. "తగ్గించుకొని ఏం జేస్త బిడ్డా?" అన్నాడు.  ఒక మధ్యాహ్నం ఆయన్ని పైఅంతస్తు ఐసీయూకి మార్చాల్సి వచ్చింది. స్ట్రెచరు రాజేశం పడక పక్క నుంచి వెళుతుంటే, కాకా ఒక వేలు ఎత్తి చూపించాడు. చుక్క పెట్టలేదు. ఊరికే ఒక వేలు.

"ఇంకొక బిడ్డ ఉన్నదా కాకా? రేపు చెప్తవా?" అన్నాడు రాజేశం.

కాకా తలూపాడు.

తెల్లవారుజామున ఆయన పోయాడు. నేను డ్యూటీకి వచ్చేసరికి పడక ఖాళీ చేసేశారు కూడా. ఆ రోజుల్లో చావు మా దగ్గర ఆగేది కాదు, వెంటనే ఇంకొకరు వచ్చేవారు. నేను బట్టలు మార్చుకునే గదిలో కుర్చీలో కూలబడ్డాను. ఏడ్చాను. ఎందరో పోయారు ఆ నెలలో, వాళ్లందరికీ కలిపి ఆ ఒక్కరోజే ఏడ్చాననుకుంటాను. తర్వాత లేచి ముఖం కడుక్కున్నాను. కింద రాజేశం ఎదురుచూస్తున్నాడు. కాకా లేడని తెలిస్తే మాస్కు తీసి పారేస్తాడు. గొట్టం పెట్టినవాళ్లు ఇంటికి పోరన్న అతని లెక్కకి ఇంకో సాక్ష్యం దొరుకుతుంది.

ఫోన్ తీశాను. వెతికాను. ఎక్కడ వెతికానంటారు? వెబ్‌లోనే. కాకా ఏ బిడ్డ గురించి చెప్పేవాడో నాకెలా తెలుస్తుంది? దొరికిందల్లా చదివాను. చివరికి ఒకటి కనిపించింది. కనిపించగానే, ఇదే అయి ఉంటుంది, సూరత్‌లో ఉన్న మనిషి దీన్నే చివరికి దాచి ఉంటాడు అనుకున్నాను.

వార్డులోకి వెళ్లేసరికి రాజేశం మాస్కు మెడకి వేలాడుతోంది.

"కాకా ఎట్లున్నడు మేడం?"

"పైన ఉన్నారు. మాట్లాడే ఓపిక లేదు. మీకు చెప్పమని నాకు చెప్పి పంపించారు. మాస్కు పెట్టుకుంటే చెబుతాను."

అతను నా ముఖం వంకే చూశాడు. ముఖమంటే ఏముంది, ప్లాస్టిక్ అద్దం వెనక రెండు కళ్లు. నెమ్మదిగా మాస్కు పైకి తీసుకుని, పట్టీ తనే బిగించుకున్నాడు.

నేను గాలిలో చుక్క పెట్టాను.  "తేనెపట్టు చూశారుగా. ఈగలు నేసినట్టుంటుంది. అందుకని ఆ దేశాల్లో తేనెపట్టుకి ఈ నేత మాట నుంచే పేరు పెట్టారు. తర్వాత ఆ గళ్ల అచ్చు మీద పల్చగా రొట్టెలు ఒత్తితే, రొట్టెకి ఆ పేరొచ్చింది. ఆ మాట సముద్రాలు దాటి సూరత్ వచ్చి, ఆలుగడ్డ ముక్కల మీద కూర్చుంది. వేఫర్."

మాస్కులోంచి అతని నవ్వు వినపడింది. పడక కదిలేంత నవ్వు. "గా ఆలుగడ్డ వేఫరా మేడం?" అని నవ్వుతూనే ఉన్నాడు. కళ్లలోంచి నీళ్లు కారాయి. గెలిచాననుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడూ అతను మాస్కు తియ్యలేదు. ఇంటికి వెళ్లేరోజు కాకా గురించి అడగలేదు, నేనూ చెప్పలేదు. అడగకపోవడం చిత్రంగా అనిపించింది కానీ, పడకలకోసం జనం బయట నిలబడి ఉన్నారు. ఆలోచించే తీరిక ఎవరికుంది?

ఇదుగో, మళ్లీ మొన్నే చూశాను. భేస్తాన్ క్యాంపులో నా బల్ల మీద జాలీ వేఫర్ ప్యాకెట్టు, ఎదురుగా రాజేశం. కాస్త ఒళ్లు చేశాడు. టీకా వేసి, దూది పెట్టి, ఇక ఆగలేక చెప్పేశాను.

"రాజేశం, కాకా ఆ రోజు తెల్లవారుజామునే పోయారు. నేను మీకు వేఫర్ కథ చెప్పేసరికే..."

"తెలుసు మేడం."

"ఎవరు చెప్పారు?"

"మీరే." దూది గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. "వేఫర్ ముచ్చట కాకా నాకు ముందే చెప్పిండు. మీరు లేని పూట. మల్ల గదే మాట మీరు తెస్తిరి. కాకా పంపితే కొత్తది పంపుతడు గని, చెప్పిందే చెప్తడా? ఇగ లేడని అప్పుడే సమజైంది."

 "మరి నవ్వారెందుకు?" అన్నాను.

"మీ కండ్లు ఎర్రగున్నయ్ గద మేడం. పాపం ఎక్కడెక్కడ ఎతికి తెచ్చిండ్రో. ఇంక నేను మాస్కు తీసి ఏడిస్తే, మీరు ఆగమైతుండ్రి. కాకా గూడ తిడ్తుండె. గందుకే నవ్వే తీరుగ ఏడ్చిన."

వెనక వరుసలోవాళ్లు తోసుకుంటున్నారు. ఎవరో "చలో భాయ్" అంటున్నారు. నేను అడగక తప్పలేదు.

"మరి ఆ చివరి బిడ్డ? మీకేమన్నా చెప్పారా?"

"లే. మీకు గిట్ల తెల్సా?"

"నాకూ తెలీదు. ఎన్నో వెతికాను. ఏదైనా కావచ్చు."

రాజేశం దూది తీసి జేబులో వేసుకున్నాడు. చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. తర్వాత చూపుడువేలు ఎత్తి, నాకూ అతనికీ మధ్య గాలిలో, మెల్లగా, అచ్చం కాకాలాగే ఒక చుక్క పెట్టాడు.

"లేదని కాదు గద మేడం. మనం ఇనలే, గంతే."